గట్టవతలికి నీళ్లు

చిరంజీవులు చిన్నమ్ములుకు, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

మీరు బస్సెక్కిన సాయంత్రమే ఇక్కడ మంచి వాన పడింది. ఇంకో రెండు రోజులు ఉండి ఉంటే చూసేవారని మీ మామ్మ ఇప్పటికీ అంటోంది. బుజ్జి వదిలేసి వెళ్లిన ఎడమకాలి చెప్పు చూరులో పెట్టాను. కుక్క ఎత్తుకుపోయిందనుకొని వెతుకుతున్నాడేమో, చెప్పండి.

చిన్నమ్ములూ, బస్సు కదలబోతూంటే కిటికీలోంచి నువ్వొక మాట అడిగావు. "పొద్దున్న గట్టవతలి తాతయ్యతో అంత గట్టిగా పోట్లాడావు కదా, మళ్లీ రాత్రి మన నీళ్లు వాళ్ల మడిలోకి ఎందుకు వదిలావు?" అని. నేను నోరు తెరిచేలోగా కండక్టరు విజిలు వేశాడు. నిజం చెప్పాలంటే ఆ విజిలే నన్ను కాపాడింది. నలభై ఏళ్లుగా చేస్తున్న పని అది. ఎందుకు చేస్తున్నావని ఇంతవరకు ఎవరూ అడగలేదు. అప్పటి నుంచి ఆలోచిస్తున్నాను.

ముందు పోట్లాట సంగతి. బుజ్జి నిద్రలో ఉన్నాడు కనుక వాడికి తెలియదు. వాళ్ల పెయ్య పలుపు తెంపుకొని వచ్చి మన గట్టు మీది కంది మొక్కల తలలు కొరికేసింది. పదకొండు మొక్కలు, లెక్కపెట్టాను. మన వైపు గట్టును ఖాళీగా వదలడం ఎవరికీ చేతకాదు. మడిలో వరి, గట్టు మీద కంది. మీ మామ్మ మీకు డబ్బాలో పోసి పంపిన పప్పు ఆ గట్టుదే. అందుకని నేను, "బావా, పెయ్యను కట్టుకోలేనివాడివి పెంచడమెందుకు?" అన్నాను. ఆయన, "గట్టు సగం నాది. నా సగంలో ఉన్నదే మేసింది" అన్నాడు. ఆ మాటకు ఒళ్లు మండిపోయింది. అందులో కొంత నిజం ఉండటం వల్ల ఇంకా మండింది.

ఇక నీళ్లు.

నారాయణపురం ఆనకట్ట కాలువల కింద ఉన్నవాళ్లకు నాగావళి నీళ్లు వస్తాయి. మనకు అంత భాగ్యం లేదు, చెరువే దిక్కు. ఆ చెరువుకు ఒకటే మదుము. చెరువు గట్టు అడుగున నీళ్లు వదిలే తూమును ఇక్కడ మదుము అంటాం. మదుము నుంచి చిన్న కాలువ బయలుదేరుతుంది కాని, అది మూడో మడి దగ్గరే అయిపోతుంది. అక్కడి నుంచి మడిలోంచి మడిలోకే పారకం. మనది ఏడో మడి. గట్టవతలి తాతయ్యది ఎనిమిదోది. ఆయన కింద ఇంకో రెండు మడులు, ఆ తరువాత గెడ్డ, అంటే చిన్న వాగు.

మీ పిన్ని గృహప్రవేశంనాటి బంతి గుర్తుందా? అడ్డాకు విస్తళ్లు వరసగా వేశారు. వడ్డించేవాడు ఈ చివర మొదలుపెట్టి ఆ చివరికి నడుస్తాడు. ఇక్కడ బూరెల బుట్ట నిండుగా ఉంటుంది, అక్కడికి వెళ్లేసరికి బుట్ట అడుగు కనిపిస్తూంటుంది. మదుమే వడ్డించేవాడు అనుకోండి. మడులు విస్తళ్లు. మనం ఏడో విస్తరి ముందు కూర్చున్నాం. మొదటి విస్తరివాడు ఇంకో రెండు బూరెలు వెయ్యమంటే ఎవరూ తప్పుపట్టరు. నాలుగోసారి కూడా అడిగితే వడ్డించేవాడు విననట్టు నడిచిపోతాడు. మదుముకు ఆ తెలివి లేదు, ఎంత అడిగితే అంత పెడుతుంది. కనుక ఆ తెలివి విస్తరి ముందు కూర్చున్నవాడికి ఉండాలి.

వరికి ఎన్ని నీళ్లు కావాలి? ఇప్పుడు మన వరి పిలకలు వేస్తోంది. రెండంగుళాలకు మించి నిలబెట్టకూడదు. ఎక్కువ నిలిపితే పిలకలు తగ్గుతాయి. అది కడుపు నిండినవాడి విస్తట్లో ఐదో బూరె లాంటిది, వాడికీ మేలు కాదు, అవతలివాడికీ అందదు. యూరియా చల్లేముందు మడిలో నీళ్లు తీసెయ్యాలి. పప్పన్నంలో నెయ్యి వేసుకోబోతూ ముందే చారు పోసుకుంటామా? అలాగే చివరివాడు ఆలస్యంగా వచ్చాడని... మీ మామ్మ భుజం మీదుగా ఇది చదివి, "పిల్లలకు నీళ్ల సంగతి చెబుతున్నారా, భోజనాల సంగతా? ఆ బంతిని ఇక లేపండి" అంది. సరే, లేపుతాను.

కాని ఒక లెక్క చెప్పి లేపుతాను. రెండంగుళాలు అంటే కొంచెమే అనిపిస్తుంది. ఎకరం నేల మీద రెండంగుళాల నీళ్లు నిలిస్తే రెండు లక్షల లీటర్లు. మీ మేడ మీది నల్ల ట్యాంకు వెయ్యి లీటర్లది అనుకుంటే, అలాంటివి రెండు వందలు. మనకున్నది ఎకరా ముప్పై సెంట్లు, మిగిలింది చిన్నమ్ములు లెక్కకట్టాలి. ఆ రాత్రి మన మడిలో నీళ్లు చీలమండ దాటి ఉన్నాయి. నేను పార తీసుకొని వెళ్లి గట్టుకు మూరెడు గండి తీసింది సగం మన వరి మేలు కోసమే. నా మంచితనం చూసి నువ్వు మురిసిపోయి ఉంటే, అందులో సగం తగ్గించుకో.

బుజ్జి అడగబోయేది నాకు తెలుసు. అన్ని నీళ్లలో నిలబడి వరి ఎలా బతుకుతుంది, ఊపిరాడక చావదా? కంది అయితే చస్తుంది. దాన్ని మడిలో దింపితే కొద్ది రోజులకే ఆకు పచ్చబారి వాడిపోతుంది. వేరుకూ గాలి కావాలి మరి. అందుకే దానికి గట్టు మీద కుర్చీ వేశాం. వరి మాత్రం తన గాలి తానే తెచ్చుకుంటుంది. ఆకు నుంచి వేరు దాకా లోపల సన్నని సందులు ఉంటాయి, వాటిలోంచి గాలి దిగుతుంది. ఈసారి ఒక కాడ అడ్డంగా కోసి, ఎండకేసి పట్టుకొని చూడు. నేను చెప్పేకంటే అదే బాగా చెబుతుంది.

ఇప్పుడు మా నాన్న సంగతి. నాకు పదేళ్లున్నప్పుడు శ్రావణం అంతా ఎండిపోయింది. చెరువులో నీళ్లు మోకాలి లోతుకు వచ్చాయి. అప్పుడు రాత్రుళ్లు వంతులు పెట్టుకున్నారు. ఎవరి దగ్గరా గడియారం లేదు. పొద్దుగూకిన దగ్గర నుంచి, తూర్పున తాటిచెట్ల మీదికి పిల్లలకోడి వచ్చేదాకా మా వంతు. ఆ తరువాత వేగుచుక్క పొడిచేదాకా గట్టవతలివాళ్లది. పిల్లలకోడి అంటే ఆకాశంలో కోడిపిల్లలు గుంపుగా ముడుచుకున్నట్టు కనిపించే చుక్కలు. మీకు పుస్తకంలో కృత్తికలు అని ఉంటుంది. విశాఖ దీపాల్లో అవి సరిగా కనిపించవు. ఇక్కడికి వచ్చినప్పుడు చూపిస్తాను.

నేను లాంతరు పట్టుకొని మా నాన్న వెంట గట్టు మీద కూర్చునేవాణ్ని. అవతల గట్టవతలి తాతయ్య వాళ్ల నాన్న, పక్కన ఈ తాతయ్య. మేమిద్దరం ఈడువాళ్లమే, నిద్ర ఆపుకోవడానికి పీతల బొరియల్లో గడ్డిపరకలు దూర్చి ఆడుకునేవాళ్లం. ఒక రాత్రి ఏమైందంటే, నెల రోజులుగా మొహం చూపించని మబ్బు సరిగ్గా వంతు మారే వేళకు తూర్పున వచ్చి కూర్చుంది. చుక్క కురవలేదు. పిల్లలకోడిని మాత్రం కప్పేసింది. "ఎప్పుడో పొడిచింది" అన్నారు వాళ్లు. "ఇంకా పొడవలేదు" అన్నాడు మా నాన్న. మాట మాట పెరిగింది. పారలు పైకి లేచాయి. మేమిద్దరం చెరొకరి కాళ్లు పట్టుకొని ఏడ్చాం. మబ్బు విడిపోయి చూస్తే పిల్లలకోడి చాలా పైకి వచ్చేసి ఉంది. అంటే తప్పు మా నాన్నదే. ఆయన ఆ మాట ఒప్పుకోగా నేను ఎన్నడూ వినలేదు.

ఏడాది పొడవునా ఇద్దరికీ మాటల్లేవు. కాని పక్క మడులవాళ్లకు మాట్లాడకుండా ఎలా కుదురుతుంది? అందుకని మా నాన్న గేదెతో మాట్లాడేవాడు. అవతలాయనకు వినబడేలా, "ఒసే గేదే, రేపు మదుము ఎత్తుతారట, కాస్త పెందరాళే లే" అనేవాడు. ఆయన తన ఎద్దుతో, "మన నారు ముదిరిపోతోందిరా, ఉడుపుకు నలుగురు మనుషులు తక్కువయ్యారు" అనేవాడు. మర్నాడు మా అమ్మ, అత్త వెళ్లి ఉడుపులో దిగి నాట్లు వేసేవారు. ఆడవాళ్లు ఆ ఏడంతా మాటలు మానలేదు. కూర గిన్నె గోడ మీదుగా అటూ ఇటూ నడుస్తూనే ఉండేది. ఆ గేదె ఊళ్లో అన్ని సంగతులూ తెలిసిన గేదె అని మేం నవ్వుకునేవాళ్లం.

బంతి పోలిక ఒకచోట చెడుతుంది. అదీ చెప్పాలి, లేకపోతే మీకు అబద్ధం చెప్పినవాణ్నవుతాను. విస్తట్లో అన్నం ఎక్కువైతే పక్క విస్తట్లోకి తోసేయలేం. నీళ్లు ఎక్కువైతే మాత్రం పక్క మడిలోకే తోయాలి. నీరు పల్లమెరుగు అన్నారు కదా, మన మడికి పల్లం ఎనిమిదో మడి. ఇంకో దారి లేదు.

2014 అక్టోబరు 12న, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. మీరప్పటికి పుట్టలేదు. మీ నాన్న అక్కడే ఉన్నాడు. ఫోను కలవక మేం పడిన ఆరాటం వేరే కథ. ఇక్కడ గాలి అంత లేదు కాని వాన వచ్చింది. మన వైపు తుఫానులకు ఒక పాడు అలవాటు ఉంది, వరి పొట్టతో, అంటే వెన్ను ఇంకా కాడ లోపలే ఉన్నప్పుడే వస్తాయి. అప్పుడు మన మడిలో ఉన్నవి శ్రీకాకుళం సన్నాలు. ఇక్కడి రాగోలు పరిశోధన కేంద్రంలో పుట్టిన రకం అది. పొట్టలు నీళ్లలో మునిగితే గింజ ఉండదు. ఎగువనున్న ఆరు మడుల నీళ్లూ మన మీదికి వచ్చాయి. ఎంత వేగంగా కిందికి వదిలితే అంత మంచిది.

నేను వెళ్లేసరికి గట్టవతలి తాతయ్య గోనెసంచి నెత్తిన కప్పుకొని గట్టు మీద నిలబడి ఉన్నాడు, చేతిలో పార. నా గుండె జారింది. ఆయన గట్టు నాలుగు పారల మట్టితో ఎత్తు చేసుకుంటే చాలు, ఆయన వరి నిలబడుతుంది, నాది మునుగుతుంది. ఆ వారమే మేం ఒక తాటిచెట్టు గురించి మాటా మాటా అనుకొని ఉన్నాం. ఆయన నన్ను చూసి, "వచ్చావా, అటువైపు పట్టు" అన్నాడు. ఇద్దరం కలిసి ముందు ఆయన దిగువ గట్టు తెగ్గొట్టాం, ఆ తరువాత మన మధ్య గట్టు. ఏడు మడుల నీళ్లు ఆయన మడి మీదుగా గెడ్డలోకి పోయాయి. ఆ ఒరవడికి ఆయన వరి ఒక పక్కంతా పడుకుంది. మూడు నాలుగు దుబ్బులు చొప్పున లేపి కట్టాం, నాలుగు రోజులు పట్టింది. అయినా ఆ ఏడు ఆయనకు మనకన్నా ఆరు బస్తాలు తక్కువ వచ్చాయి. ఆ మాట ఆయన ఎన్నడూ ఎత్తలేదు అంటే బాగుంటుంది కాని, ఎత్తుతాడు. ఏటా సంక్రాంతికి ఒకసారి తప్పకుండా ఎత్తుతాడు.

ఎవరితోనూ పోట్లాడకండి అని నేను మీకు చెప్పను. నేను చేయలేని పని మీకెలా చెబుతాను? కంది గురించి పోట్లాడితే కంది దగ్గర ఆపండి, నీళ్లదాకా తీసుకువెళ్లకండి. ఇంతే నాకు తెలిసింది. ధాన్యం ధర, ట్రాక్టరు కిరాయి, కూలీలు దొరకకపోవడం, ఇవి మీ నాన్నతో మాట్లాడుకునేవి. మీకెందుకు?

వినాయక చవితికి వస్తారు కదా. ఆ మర్నాడు తెల్లవారకముందే లేవండి. నేను లేపుతాను, ఏడవకూడదు. చెప్పులు లేకుండా గట్టు మీద వరసగా నడుద్దాం. వరి ఆకు కొసన చూడండి. ఒక్కో కొసన ఒక్కో నీటిబొట్టు నిలబడి ఉంటుంది, ముక్కుపుడకలా. మంచు అనుకుంటారు. మంచైతే ఆకంతా తడుస్తుంది కదా, ఇది కొసన మాత్రమే ఎందుకుంది? వేలితో తుడిచేయండి, కాసేపు ఆగి మళ్లీ చూడండి. మదుములోంచి వచ్చి, ఆరు మడులు దాటి, మట్టిలో దిగిన నీళ్లు అక్కడికి ఎలా ఎక్కాయో మీరే ఆలోచించండి. నేనిప్పుడు చెప్పను. ఎండ వచ్చేదాకా చూస్తూ కూర్చుందాం. మన మడిలోనూ చూడండి, ఎనిమిదో మడిలోనూ చూడండి.

ఇంకొకటి. పెయ్య తల కొరికిన ఆ పదకొండు కంది మొక్కలూ పక్కల నుంచి కొత్త కొమ్మలు వేశాయి. కొరకని వాటికన్నా గుబురుగా ఉన్నాయి. పోయిన మంగళవారం చూశాను. ఈ సంగతి గట్టవతలి తాతయ్యకు మాత్రం చెప్పకండి.

మీ
తాతయ్య