కరెంటు వేరు, సెలైను వేరు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మా వీధిలో ఒకే ఏడాది రెండిళ్ల క్యాలెండర్ల మీద పెన్ను గుర్తులు పడ్డాయి. మా పెద్దమ్మ ఇంట్లో రోజుకో గీత, శని ఆదివారాలు వదిలి మొత్తం 30. ఎదురింటి వదిన ఇంట్లో మూడు వారాలకో సున్నా. ఇద్దరిదీ క్యాన్సరే. పెద్దమ్మకి అంగిట్లో, వదినకి రొమ్ములో. ఒకరికి కరెంటు పెట్టారని, ఇంకొకరికి సెలైను ఎక్కించారని ఊళ్లో చెప్పుకున్నారు. కరెంటంటే రేడియేషన్, సెలైనంటే కీమో. రెండూ ఒకటేనన్నారు కొందరు. జబ్బు ముదిరితే కరెంటు, ముదరకపోతే సెలైను అన్నారు ఇంకొందరు. రెండు మాటలూ తప్పే. ఏది ఎందుకు ఇస్తారో ఆ రెండు క్యాలెండర్లే చెబుతాయి.

మా తీరం వెంట పాతతరం ఆడవాళ్లలో అడ్డపొగ అలవాటు ఉంది. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పీలుస్తారు. ఆ వేడీ పొగా ఏళ్ల తరబడి నేరుగా అంగిటికి తగులుతాయి. మామూలుగా అరుదైన అంగిటి క్యాన్సరు మన ఉత్తరాంధ్ర ఆడవాళ్లలో ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే. పెద్దమ్మ నలభై ఏళ్లు అలాగే కాల్చింది. పుండు మానకపోతే విశాఖ తీసుకెళ్లాం. ముందు ఆపరేషన్, తర్వాత రేడియేషన్ అన్నారు.

"కరెంటు ఎడితే ఒల్లంతా కాలిపోద్దేటి నాయినా?" అని అడిగింది. ఆ పేరు తెచ్చిన భయం అది. రేడియేషన్‌లో కరెంటు ఒంటిని తాకదు. యంత్రం లోపల ఎలక్ట్రాన్లని విపరీతమైన వేగంతో ఒక లోహపు పలకకి కొడతారు. అక్కడ పుట్టే ఎక్స్ కిరణాలని గురిచూసి పుండున్న చోటికి పంపుతారు. ఎముక విరిగినప్పుడు ఫొటో తీసే కిరణాలే, కాకపోతే శక్తి ఎన్నో రెట్లు ఎక్కువ. గురి తప్పకూడదని ముఖానికి ఒక ప్లాస్టిక్ తొడుగు చేస్తారు. వేడినీళ్లలో మెత్తబరిచి ముఖం మీద అదిమితే, చల్లారాక చేపల వలలా చిల్లులతో అచ్చు ఆ మనిషి ముఖంలాగే బిగుసుకుంటుంది. రోజూ దాన్ని బల్లకి బిగించి పడుకోబెడతారు. కిరణాలు పడేది కొద్ది నిమిషాలే. నొప్పి తెలియదు.

ఆ కిరణాలు కణంలోని నీటిని చీలుస్తాయి. ఆ ముక్కలు పోయి డీఎన్ఏ పోగులని తెంచుతాయి. పోగులు తెగిన కణం అప్పటికప్పుడు చావదు, రెండుగా చీలబోయినప్పుడు చస్తుంది. అందుకే మొదటి వారం ఏమీ మారినట్టు అనిపించదు.

మరి 30 రోజులెందుకు? రేడియేషన్ మోతాదుని గ్రేలలో కొలుస్తారు. పెద్దమ్మకి రాసింది 60 గ్రేలు. అంతా ఒక్కసారే ఇస్తే క్యాన్సరుతో పాటు దవడా చర్మమూ పోతాయి. రోజుకి 2 గ్రేలే ఇస్తే, మంచి కణాలు రేపటికల్లా తెగిన పోగులని చాలావరకు అతుక్కుంటాయి. క్యాన్సరు కణాలకి ఆ పనితనం తక్కువ. రోజూ పడే ఆ చిన్న తేడాలు ముప్ఫై కలిస్తేనే వైద్యం. మధ్యలో మానేస్తే మిగిలిన క్యాన్సరు కణాలు ముందుకన్నా జోరుగా పెరుగుతాయి. తల, మెడ క్యాన్సర్లలో వైద్యం ఒక్కరోజు సాగితే జబ్బు అదుపులోకి వచ్చే అవకాశం సుమారు ఒక శాతం తగ్గుతుందని లెక్కగట్టారు. పండక్కి ఊరెళ్లి వస్తామంటే డాక్టర్లు అంత గట్టిగా ఎందుకు వద్దంటారో నాకు అప్పుడు అర్థమైంది. సోంపేట నుంచి విశాఖ రెండొందల కిలోమీటర్ల పైమాటే. రోజూ వచ్చిపోవడం కుదరదు. ఆరు వారాలు అక్కడే గది తీసుకున్నాం. మూడో వారానికి నోరంతా పూసి, "నా వల్ల కాదు, ఇంటికి అట్టుకుపోండి" అని ఏడ్చింది. ముక్కులోంచి గొట్టం వేసి ఆహారం పంపారు. ఒక్క రోజు కూడా మానలేదు.

నోరు అంత పూసినా తలమీద జుట్టు ఒక్క పోగు రాలలేదు. కిరణాలు పడిన చోటే బాధ. వదినకి మాత్రం రెండో విడతకే జుట్టంతా ఊడింది. ఆవిడకి ఎక్కించింది ఎర్రమందు, డోక్సోరుబిసిన్. మూత్రం కూడా ఎర్రగా వస్తే రక్తమనుకుని హడలిపోయింది. అది మందు రంగే.

"గడ్డ తీసేశారు కదా, మళ్లీ ఇదెందుకు?" అని వదిన అడిగిన ప్రశ్న చాలా మంచిది. ఒక సెంటీమీటరు గడ్డలో దాదాపు 100 కోట్ల కణాలుంటాయి. అందులోంచి కొన్ని వేలు ముందే రక్తంలో కొట్టుకుపోయి ఎక్కడో ఆగితే ఏ స్కానుకీ దొరకవు. చోటు తెలియనప్పుడు కిరణాలని ఎక్కడికని గురిపెడతారు? రక్తం వెళ్లే ప్రతిచోటికీ వెళ్లే మందు కావాలి. అదే కీమో. చోటు దానికి అక్కర్లేదు, కణం చీలుతోందా లేదా అన్నదే లెక్క. జుట్టు కుదుళ్లు, నోటి పొర, పేగు పొర, ఎముక మజ్జ కూడా త్వరత్వరగా చీలేవే కాబట్టి వాటికీ దెబ్బ తగులుతుంది.

వదిన క్యాలెండరులో సున్నాకీ సున్నాకీ మధ్య మూడు వారాలు ఆ మజ్జ కోసమే. రక్తకణాలు పుట్టేది అందులోనే. మందు ఎక్కిన వారం నుంచి రెండు వారాల లోపు, క్రిములతో పోరాడే తెల్లరక్తకణాలు బాగా పడిపోతాయి, మూడో వారానికి లేస్తాయి. పడిపోయిన రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీలు దాటితే పారాసిటమాల్ వేసుకుని పడుకోకూడదు. అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి పరుగెత్తాలి. క్యాన్సరు కన్నా ముందు ఆ జ్వరమే ప్రాణం తీయగలదు.

ఈ రెండు వైద్యాల మూలాల్లో 1895 కనిపిస్తుంది. ఆ ఏడాది జనవరిలో భీమవరంలో శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు పుట్టారు. నవంబరులో జర్మనీలో రంట్‌జెన్ ఎక్స్ కిరణాలని కనిపెట్టాడు. సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఉండగా, కణం చీలడానికి కావలసిన ఫోలిక్ యాసిడ్‌లా కనిపించి మోసం చేసే అమినోప్టెరిన్ అక్కడ తయారైంది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్త క్యాన్సరున్న 16 మంది పిల్లలకి ఇస్తే 10 మందిలో జబ్బు కొంతకాలం వెనకడుగు వేసింది. ఆ ఫలితం అచ్చయింది 1948లో. సుబ్బారావు పోయిందీ ఆ ఏడే. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుకలో ఉంది. మన పెరట్లో పూసే బిళ్ళగన్నేరులోంచి విన్‌క్రిస్టిన్ అనే కీమో మందు వచ్చింది. అలాగని ఆ ఆకు నూరి తాగితే విషం. శుద్ధి చేసి మిల్లీగ్రాముల్లో తూచి నరంలోకి ఇస్తేనే మందు.

రెండు వైద్యాలూ కలిపి ఇచ్చే సందర్భాలున్నాయి. సిస్‌ప్లాటిన్ అనే ప్లాటినం మందు ఎక్కిస్తే క్యాన్సరు కణాలు కిరణాలకి ఇంకా తేలిగ్గా లొంగుతాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సరులో ఇలా కలిపి ఇస్తే మేలని 1999లో పరిశోధనలు తేల్చాయి. నోటి క్యాన్సరులోనూ కొందరికి ఇస్తారు. పెద్దమ్మకి కూడా ఆ ఆలోచన చేశారు. కానీ సిస్‌ప్లాటిన్ కిడ్నీలని దెబ్బతీస్తుంది. మాది కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఏ మండలమైనా క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) అన్న మాట తెలియని ఇల్లుండదు. పెద్దమ్మది అప్పటికే ఎక్కువగా ఉంది. ఆ మందు వద్దని రేడియేషన్ ఒక్కటే ఇచ్చారు. అందుకే మావైపు నుంచి వెళ్లేవాళ్లు పాత కిడ్నీ రిపోర్టులు తప్పకుండా పట్టుకెళ్లాలి. కిళ్లీకొట్లో కొని మింగిన నొప్పి బిళ్లల సంగతి కూడా దాచకుండా చెప్పాలి.

తిరిగొచ్చాక పెద్దమ్మ పక్కన మనవల్ని పడుకోనివ్వలేదు, ఒంట్లో కరెంటు ఉందని. నాకు చాలా బాధ కలిగింది. బయటి నుంచి ఇచ్చే కిరణాలు యంత్రం ఆపగానే ఆగిపోతాయి, ఒంట్లో ఏమీ మిగలదు. థైరాయిడ్ క్యాన్సరుకి రేడియో అయోడిన్ తాగించినప్పుడు మాత్రం కొన్నాళ్లు పిల్లలకి దూరంగా ఉండమంటారు. ఇది అది కాదని కోడలికి రెండుసార్లు చెప్పాను.

ఇప్పుడు మనవరాలు పక్కనే పడుకుంటోంది. నోట్లో లాలాజలం తగ్గిపోయి రాత్రి నాలుగుసార్లు నీళ్లు తాగాలి. కారం, పులుసు ఇంకా పడటం లేదు. చోడి (రాగి) అంబలి మాత్రం గొట్టం తీసిన వారానికే తాగింది.