మూడు లిపులు, ఒక ఫోను గొంతు

ఒడిశాలోని పర్లాకిమిడి చుట్టుపక్కల చూపులేని తెలుగువాళ్లకి ఫోనులో రెండు లిపులతో పని. చుట్టాల వాట్సాప్ తెలుగులో వస్తే, పంచాయతీ కబురు ఒడియాలో వస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ ఆన్ చేసుకుంటే, తెర మీద వేలు పెట్టిన చోట ఏముందో పైకి చదువుతుంది. రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది. అలవాటైనవాళ్లు ఎంత స్పీడు పెట్టుకుని వింటారంటే, పక్కనున్న మనకి ఒక్క ముక్క అర్థం కాదు. కంప్యూటర్‌లో ఇదే పని ఎన్‌వీడీఏ చేస్తుంది. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే చూపులేని యువకుడు 2006లో మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది.

ఈ గొంతుకి అక్షరం ఆకారంతో పనిలేదు, నంబరు చాలు. కంప్యూటర్ల కోసం ప్రతి అక్షరానికీ ఒక నంబరిచ్చే పట్టిక యూనికోడ్. అందులో దేవనాగరి 'క' నంబరు 0915, ఒడియా 'క' 0బి15, తెలుగు 'క' 0సి15. చివరి 15 మూడింటికీ ఒకటే, ముందున్న భాగమే లిపిని చెప్పేస్తుంది. మన దేశ భాషల కోసం చేసిన, వేలితో తడిమి చదివే చుక్కల లిపి భారతి బ్రెయిల్ ఇంకో అడుగు ముందుకేసింది. అందులో ఈ మూడు లిపుల 'క'కీ ఒకటో చుక్క, మూడో చుక్క, అంతే. చదివేది ఏ భాషో వేలికి కాదు, బుర్రకి తెలియాలి.

మహారాష్ట్రలోని సిరొంచ వైపు తెలుగువాళ్లకి చిక్కు వేరు. మరాఠీ, హిందీ రెండూ దేవనాగరే కాబట్టి నంబరు చూసి భాష పట్టుకోలేం. పేజీ తయారుచేసినవాళ్లు అది మరాఠీ అని లోపల గుర్తు పెట్టకపోతే, హిందీ గొంతు మరాఠీని తన యాసలో చదివేస్తుంది. నవ్వొస్తుంది కానీ విషయం అందుతుంది.

అసలు అందనివి వేరే ఉన్నాయి. పింఛను క్యాంపు ఎప్పుడో, ఎక్కడో అంతా రంగుల పోస్టరుగా చేసి గ్రూపులో పెడతారు. చాలాసార్లు గొంతు 'ఫోటో' అని ఊరుకుంటుంది. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన తెలుగైతే ఇంగ్లీషు గొంతు పలుకుతుంది, 'రేపు' ఇంకేదో అవుతుంది. అన్నిటికంటే తలనొప్పి, అచ్చుపనికి వాడే పాత డీటీపీ ఫాంట్లు. వాటిలో తెలుగు బొమ్మల వెనక ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల నంబర్లే. కంటికి చక్కటి తెలుగు, చెవికి పిచ్చిగీతల మోత. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు లేకపోలేదు. కానీ ఒత్తులు తారుమారవుతుంటాయి, చూసి దిద్దే మనిషి ఒకరు కావాల్సిందే.