రోహిణి నుంచి మృగశిర దాకా: నెల్లూరు, ఒంగోలు ఎండలపై అపోహలు - వాస్తవాలు

మే చివరి వారం వచ్చిందంటే నా ఫోను మోగుతూనే ఉంటుంది. కనుపర్తి వైపు ఉప్పు కొఠార్లవారు, విడవలూరు, ఇందుకూరుపేట రొయ్యల రైతులు, పొదలకూరు నిమ్మతోటలవారు అందరూ అడిగేది ఒకటే: "ఈ ఐదు రోజులూ ఎలా ఉంటుంది సార్?" ఈ ప్రాంతానికి వాతావరణ సూచనలు రాయడం నా పని. జవాబు చెప్పేముందు నేను డిగ్రీలు చూడను. పడమటి గాలి ఎంత బలంగా ఉందో, తూర్పు గాలి ఏ వేళకు తిరుగుతుందో చూస్తాను. మన దగ్గర వేసవి చివరి రోజుల మంచీచెడూ దాని మీదే ఆధారపడి ఉంటాయి.

అపోహ: సముద్రం పక్కనే ఉన్నాం, మనకు వడగాడ్పులు రావు.

వాస్తవం: నల్లమల, వెలికొండలు దాటి కిందికి దిగే గాలి దిగుతున్నకొద్దీ వేడెక్కుతుంది. పొడి గాలి ఒక కిలోమీటరు కిందికి దిగితే సుమారు 10 డిగ్రీలు వేడెక్కుతుంది. ఆ పడమటి గాలి బలంగా ఉన్న రోజున సముద్రపు గాలి ఒడ్డు దగ్గరే నిలిచిపోతుంది. ఒడ్డునే ఉన్న మైపాడులో మధ్యాహ్నానికి ముందే చల్లగాలి తగిలినా నెల్లూరుకు చేరేసరికి మూడో నాలుగో అవుతుంది. కనిగిరి, పామూరు, ఉదయగిరి వైపు అది చేరేది పొద్దు గుంకాకే, కొన్ని రోజులు చేరనే చేరదు. అందుకే తీరప్రాంతానికి వడగాడ్పు కొలత కూడా వేరుగా పెట్టారు: గరిష్ఠ ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటి, అది మామూలు కంటే 4.5 డిగ్రీలు ఎక్కువగా ఉంటే చాలు. మైదానాల్లో అయితే 40 దాటాలి.

సముద్రపు గాలి వచ్చాక కూడా ప్రమాదం పూర్తిగా పోదు. అది తేమను వెంట తెస్తుంది. 38 డిగ్రీల ఎండలో గాలిలో తేమ 50 శాతం ఉంటే ఒంటికి 48 డిగ్రీల ప్రాంతంలో ఉన్నట్టే తగులుతుంది, ఎందుకంటే పట్టిన చెమట ఆరదు. 2015 మే నెలాఖరు వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఎక్కువ ప్రాణాలు పోయిన జిల్లాల్లో ప్రకాశం ఒకటి. ఆ మాట రాసేటప్పుడు నాకు ఇప్పటికీ చెయ్యి బరువెక్కుతుంది.

అపోహ: నైరుతి కేరళను తాకింది, ఇక రెండు మూడు రోజుల్లో మనకూ చల్లబడుతుంది.

వాస్తవం: నన్ను అన్నిటికంటే కలవరపెట్టే నమ్మకం ఇదే. కేరళకు రుతుపవనాలు వచ్చే సాధారణ తేదీ జూన్ 1. ఆ గాలి తన తేమలో చాలా భాగాన్ని పడమటి కనుమల మీదే కురిపించి మన వైపు పొడిగా వస్తుంది. మనం వానచాటు ప్రాంతంలో ఉన్నాం. నైరుతి బలపడిందంటే మనకు పడమటి గాలి బలపడిందని అర్థం. మబ్బు పట్టి వాన పడకపోతే, టీవీలో కేరళ వానలు చూపిస్తున్న రోజునే మన తీరంలో ఎండ ముదురుతుంది. జూన్ మొదటి రెండు వారాల్లో వడగాడ్పు హెచ్చరికలు రావడానికి కారణం ఇదే. "మృగశిర వచ్చింది కదా, ఇక ఫర్వాలేదు" అని ఉపాధి పనికి వెళ్లేవారు నెత్తిన తువ్వాలు, చేతిలో నీళ్ల సీసా మానేస్తారు. దయచేసి మానకండి. నెల్లూరుకు అసలు వానకాలం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ వానలు తెచ్చేది ఈశాన్య రుతుపవనాలు.

అపోహ: బంగాళాఖాతంలో వాయుగుండం పట్టింది, ఎండ తగ్గినట్టే.

వాస్తవం: అది ఎటు పోతుందో చూడాలి. వాయుగుండం చుట్టూ గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. అది మనకు ఈశాన్యంగా ఒడిశా, బెంగాల్ వైపు పోతే మన మీదికి వచ్చేది నేల మీది పొడిగాలే. సముద్రపు గాలి కూడా ఆగిపోతుంది. 2010 మే 20న బాపట్ల దగ్గర తీరం దాటిన లైలా తుఫాను మాత్రం ప్రకాశం జిల్లాను భారీ వానల్లో ముంచింది. అదే మే నెల, అదే సముద్రం. తేడా అంతా అది పట్టిన దారిలోనే ఉంది.

అపోహ: రోహిణిలో రోళ్లు పగిలేంత కాస్తే ఆ ఏడు వానలు దండిగా పడతాయి.

వాస్తవం: మన ఊరి ఎండకూ ఆ ఏటి రుతుపవనాలకూ అలాంటి లెక్క కుదరదు.

అపోహ: "ఒకటి రెండు చోట్ల వర్షం" అనేది తప్పించుకునే మాట.

వాస్తవం: అది కొలత ఉన్న మాట. ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో 25 శాతం వరకు వాన నమోదైతే "ఒకటి రెండు చోట్ల" అంటారు. 26 నుంచి 50 శాతమైతే "కొన్ని చోట్ల", 75 దాకా అయితే "చాలా చోట్ల". "మోస్తరు వాన" అంటే 24 గంటల్లో 15.6 నుంచి 64.4 మిల్లీమీటర్లు. "భారీ" అనే మాట 64.5 దగ్గర మొదలవుతుంది.

అయితే కొలత తెలిసినంత మాత్రాన పని జరగదని నాకు ఒక ఉప్పు రైతు నేర్పాడు. ఒకసారి నేను "ఒకటి రెండు చోట్ల" అని రాశాను. ఆయన మడుల్లోనే పడింది. తీయడానికి సిద్ధంగా ఉన్న ఉప్పంతా ఒక్క రాత్రిలో కరిగిపోయింది. "నాలుగింట మూడొంతులు పడదని చెప్పారు, ఆ ఒక్క వంతు నేనే" అన్నాడాయన. కోపంగా కూడా అనలేదు. అప్పటినుంచి నేను వాన అవకాశం రాసి ఊరుకోవడం లేదు. తీసిన ఉప్పు కుప్పలు ఏ సాయంత్రానికి కప్పుకోవాలో కూడా రాస్తున్నాను. తాటాకు కప్పే కూలి దండగైతే అయింది, ఉప్పు మిగులుతుంది. రొయ్యల గుంటలకూ అంతే: మబ్బు పట్టి గాలి ఆడని రాత్రి నీటిలో ప్రాణవాయువు పడిపోతుంది, తెల్లవారుజాము దాకా నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఆపకూడదు.

అపోహ: ఫోనులో పదిహేను రోజులది చూపిస్తోంది కదా.

వాస్తవం: ఐదు రోజుల దాకా నమ్మి పనులు పెట్టుకోవచ్చు. ఆ పైన చూపే వాన బొమ్మను నమ్మి వరి కోతకు మనుషుల్ని మాట్లాడుకోకండి.

అపోహ: పిడుగు ఫోను ఉన్నవాడి మీద పడుతుంది.

వాస్తవం: ఫోను పిడుగును లాగదు. చెట్టు కింద నిలబడటమే ప్రాణం తీస్తుంది. మన దగ్గర వేసవి ఉరుముల మబ్బులు ఎక్కువగా మధ్యాహ్నం పడమట పుట్టి, సాయంత్రం నుంచి తూర్పుకు కదులుతాయి. పడమర నల్లబడి, అప్పటిదాకా వీస్తున్న తూర్పు గాలి ఒక్కసారిగా ఆగిపోయిందంటే ఈదురుగాలి దగ్గరపడినట్టే. గొర్రెల కాపరులు అప్పుడే మందను మళ్లించాలి. మెరుపు కనిపించాక ముప్పై లెక్కపెట్టేలోపు ఉరుము వినిపిస్తే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉంది. పక్కా ఇంట్లోకి వెళ్లండి, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రాకండి.