జమ్ము పీకితే చెరువు బాగుపడుతుందా?

మా కాలనీ చెరువు గట్టు మీద రోజూ ఎదురయ్యే ఒకాయన మొన్న అడిగారు: “ఈ జమ్ము గడ్డంతా పీకించి, అంచుకు రాళ్లు పేర్పిస్తే చెరువు బాగుపడుతుంది కదండీ?” వద్దండీ అని మాత్రం అనగలిగాను. అసలు జవాబు బురదలో ఉంది.

తామర తూడు విరిచి చూసినవాళ్లకు అందులోని గొట్టాలు గుర్తుంటాయి. జమ్ములోనూ అలాంటి గాలి గదులే ఉంటాయి. బురదలో కొన్ని మిల్లీమీటర్లు దిగితే చాలు, ఆక్సిజన్ ఉండదు. అక్కడ వేరు బతకాలంటే పైనుంచి గాలి దిగాలి. దిగిన దాంట్లో కొంత వేరు కొసల దగ్గర బయటికి కారుతుంది. నీళ్లు నిలిచిన మడిలోంచి ఒక వరి మొక్క పీకి వేళ్లు కడిగి చూడండి, తుప్పు రంగు పూత కనిపిస్తుంది. అది నిజంగా తుప్పే. వేరు వదిలిన ఆక్సిజన్ బురదలోని ఇనుముకు తగిలింది. బడిలో ఆకు గురించే చెప్తాం. ఈ ఒక్క మొక్క పీకి చూపిస్తే పిల్లలు జన్మలో మరిచిపోరు!

చెరువులోకి దిగే మురుగులో నత్రజని ఎక్కువగా అమోనియంగా వస్తుంది. వేరు చుట్టూ ఉన్న సన్నటి ఆక్సిజన్ పొరలో కొన్ని బ్యాక్టీరియాలు దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. ఆ నైట్రేట్ పక్కనున్న ఊపిరాడని బురదలోకి జరగ్గానే వేరే బ్యాక్టీరియాలు అందుకుంటాయి. ఆక్సిజన్ లేదు కనుక నైట్రేట్‌తోనే శ్వాసించి, నైట్రోజన్ వాయువును వదులుతాయి. మనం పీల్చే గాలిలో 78 శాతం అదే. వాటి తిండి కుళ్లిన జమ్ము ఆకులు. మురుగుశుద్ధి కేంద్రంలో ఇదే పనికి గాలి ఊదే మోటార్లు, కరెంటు బిల్లు కావాలి. ఇక్కడ ఒక్క వేరు చాలు. చెరువులో బుడగలు లేస్తే దెయ్యం ఊపిరి అని మా నాయనమ్మ భయపెట్టేది. నిజంగానే ఊపిరి, బురదలోని సూక్ష్మజీవులది. కాకపోతే ఆ బుడగల్లో ఎక్కువగా ఉండేది మీథేన్ అనే వాయువు.

భాస్వరానికి మాత్రం గాలిలోకి దారి లేదు. ఆ తుప్పే దాన్ని పట్టి ఉంచుతుంది. ఆక్సిజన్ పూర్తిగా పోతే తుప్పు కరిగి భాస్వరాన్ని వదిలేస్తుంది, నాచు పెరిగి నీళ్లు పచ్చబడతాయి. కాబట్టి దాన్ని మనమే బయటికి మోయాలి. వెనకటి రైతులు వేసవిలో ఒండ్రును బండ్లకెత్తి పొలాలకు తోలేవారు, 2015లో తెలంగాణలో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయలోనూ తోలుకున్నారు. ఫ్యాక్టరీల నీళ్లు కలిసిన నగరపు చెరువుల్లో ఆ పూడికలో సీసం లాంటి లోహాలు చేరతాయి, పొలంలో వేయలేం. నాకు అన్నిటికన్నా బాధ అక్కడే.

జమ్ముకు లోతు తక్కువ నీళ్లు కావాలి. నిలువుగా రాళ్లు పేరిస్తే, శిఖంలో, అంటే చెరువు నీళ్లు నిలిచే నేలలో, మన్ను పోస్తే ఆ వాలు అంచే పోతుంది. అలాగని చెరువంతా జమ్ము కమ్మనివ్వకూడదు. ఏటా కొంత భాగం, నీటి మట్టానికి పైన కోయించి గట్టెక్కించాలి, ఆకులతోపాటు కొంత భాస్వరమూ బయటికొస్తుంది. నీళ్ల కింద కోస్తే గాలి గొట్టం మునిగి వేరు చచ్చిపోతుంది. మురుగు దిగే మూల దగ్గర ఆ పొరపాటు అసలు చేయకండి.