పొదగని గుడ్డును పగలగొట్టి చూడండి

చెన్నైలో మేడ మీదో పెరట్లోనో కోళ్లు పెంచే మనవాళ్ల నోట ఎండాకాలంలో తరచూ వినిపించే మాట: "ఇరవై గుడ్లు పెడితే ఎనిమిదే పిల్లలయ్యాయి, మిషన్ బాగాలేదు." గుడ్లు పొదిగే మిషన్‌ను (ఇంక్యుబేటర్‌ను) అనే ముందు, 21 రోజులు దాటినా పిల్ల కాని గుడ్లను పగలగొట్టి చూడాలి. వాసన భరించలేం, నిజమే. కానీ పిండం ఎన్నో రోజున ఆగిపోయిందో తెలిస్తే కారణం సగం దొరికినట్టే.

టార్చి వెలుగులో ఖాళీగా కనిపించే గుడ్లతోనే ఎక్కువ పొరపాటు జరుగుతుంది. పుంజు కలవని గుడ్డూ, మొదటి రెండు రోజుల్లోనే పిండం చనిపోయిన గుడ్డూ పైకి ఒకేలా ఉంటాయి. అలాంటివాటిని ఏడో రోజునే తీసి పగలగొట్టాలి. పచ్చసొన మీద చిన్న తెల్లటి చుక్క తప్ప ఏమీ లేకపోతే పుంజు వైపు చూడాలి. ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు ఉండాలి. ఎండ దెబ్బకు పుంజు వీర్యం నాణ్యత తగ్గుతుంది. పుంజును మార్చినా ఫలితం వెంటనే తేలదు, ఎందుకంటే పాత పుంజు వీర్యం పెట్ట ఒంట్లో రెండు వారాల దాకా నిలవ ఉంటుంది.

చుక్క పెద్దదై, రక్తపు గీతో వలయమో కనిపిస్తే పిండం మొదలై ఆగిపోయిందన్నమాట. చెన్నైలో నేను ముందుగా అనుమానించేది గుడ్లు దాచిన గదిని. గుడ్డు బయటికి వచ్చేసరికే పిండం పెరగడం మొదలై ఉంటుంది. 20 డిగ్రీల లోపు చల్లబడితే ఆ ఎదుగుదల నిద్రపోయినట్టు ఆగుతుంది. మే నెలలో 33 డిగ్రీల గదిలో అది పూర్తిగా ఆగదు, సరిగ్గా సాగదు. అలా నీరసించిన పిండం మిషన్లోకి వెళ్లిన తొలి రోజుల్లోనే పోతుంది. ఫ్రిజ్ మరీ చల్లన. 15 నుంచి 18 డిగ్రీల్లో, లావు కొస పైకి పెట్టి, వారం లోపు మిషన్లో పెట్టేయాలి. అంత చల్లదనం కుదరకపోతే మూడు రోజులకు మించి దాచకూడదు.

పూర్తిగా ఎదిగిన పిల్ల పెంకు పగలగొట్టలేక తడితడిగా చనిపోయి ఉంటే, ఎక్కువసార్లు కారణం తేమే. 18 రోజుల్లో గుడ్డు తన బరువులో దాదాపు 12 శాతం నీటిని వదులుకోవాలి. అప్పుడే లోపలి గాలి గది పిల్ల ఊపిరికి సరిపడా పెరుగుతుంది. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న చెన్నై గాలిని 37.5 డిగ్రీలకు వేడి చేస్తే, చుక్క నీళ్లు పోయకుండానే మిషన్లో తేమ 50 శాతం దాటుతుంది. మొదటి 18 రోజులకు అది చాలు. బెంగళూరులో 22 డిగ్రీలు, 50 శాతం తేమ ఉన్న గాలి అదే వేడికి 20 శాతం దగ్గరికి పడిపోతుంది. అక్కడ నీళ్లు తప్పనిసరి. అక్కడివాళ్లు చెప్పిన లెక్కతో ఇక్కడ మిషన్లోని నీళ్ల ట్రే నింపితే పిల్లలు మునిగిపోతాయి. గుడ్లను తూకం వేయడమే నమ్మకమైన దారి: 50 గ్రాముల గుడ్డు 18వ రోజుకు 44 గ్రాములకు దిగాలి. ఆ తర్వాత గుడ్లు తిప్పడం ఆపి, తేమను 65 శాతం దాటించాలి.

రెండో వారంలో చనిపోయిన పిండాలు ఎక్కువగా కనిపిస్తే దాణాను చూడాలి. తినే గుడ్ల కోసం తయారయ్యే లేయర్ దాణాలో పిల్ల ఎదగడానికి కావలసినంత బి2 విటమిన్ ఉండకపోవచ్చు. పొదిగే గుడ్లు పెట్టే కోళ్ల కోసం తయారయ్యే బ్రీడర్ దాణాకు మారాక వారం, పది రోజులు ఆగి, ఆ తర్వాత వచ్చిన గుడ్లనే మిషన్లో పెట్టాలి.