ఎమ్మారై చూసి చేతికి ధర కట్టేవాళ్లు

2021 జులైలో అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ డ్రాఫ్ట్ (క్లబ్బులు వంతుల వారీగా కుర్రాళ్లను ఎంచుకునే కార్యక్రమం) జరిగినప్పుడు, వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ పిచర్లు (మన బౌలర్లలా బంతి వేసేవాళ్లు) ఇద్దరి పేర్లు మొదటి పదిలోనే వచ్చేశాయి. జాక్ లైటర్‌ని టెక్సాస్ రేంజర్స్ రెండో పిక్‌గా తీసుకుని 79 లక్షల డాలర్లు ఇచ్చింది. కుమార్ రాకర్‌ని న్యూయార్క్ మెట్స్ పదో పిక్‌గా తీసుకుంది, 60 లక్షల డాలర్లకు మాట కుదిరింది. రాకర్ తల్లిది భారతీయ మూలాలున్న కుటుంబం, ఆ పేరు మనకు తెలిసిన పేరులా వినిపించేది అందుకే. తండ్రి ట్రేసీ రాకర్ అమెరికన్ ఫుట్‌బాల్‌లో పేరు మోసిన ఆటగాడు. ఆ ఏడాది కాలేజీ సీజన్‌లో కుర్రాళ్లిద్దరూ చెరో 179 మందిని స్ట్రైకౌట్ చేశారు, అంటే బంతిని ఆడనివ్వకుండానే అవుట్ చేశారు. దేశం మొత్తం మీద అంతకు మించి చేసినవాళ్లు లేరు.

ఆ తర్వాత వైద్య పరీక్షలు జరిగాయి. రాకర్ రిపోర్టులు చూశాక మెట్స్ వెనక్కి తగ్గింది. ఆగస్టు 1 గడువు దాటిపోయింది, కాంట్రాక్టు మాత్రం ఇవ్వలేదు. ఏడాది గడిచాక రేంజర్స్ అదే రాకర్‌ని మూడో పిక్‌గా తీసుకుని 52 లక్షల డాలర్లు ఇచ్చింది. ఒక క్లబ్బు డాక్టర్లు వద్దన్న చేతికి ఇంకో క్లబ్బు అంత డబ్బు ఎలా పెట్టింది? ఇద్దరిలో ఎవరో ఒకరు తప్పు చదివారనుకుంటాం. నా లెక్కలో ఇద్దరూ తప్పు చదవలేదు. ఒక కుర్ర పిచర్ చెయ్యి ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పగలిగే పరీక్ష ఏదీ ఇంతవరకూ లేదు. ఉన్నదల్లా ఎవరెంత రిస్క్ తీసుకుంటారన్న బేరమే.

ముందు ఆట సంగతి. పిచర్ నిలబడే చోటికీ బ్యాటర్ ముందున్న హోమ్ ప్లేట్‌కీ మధ్య 60 అడుగుల 6 అంగుళాలు. క్లబ్బుల తరఫున ప్రతిభను వెతికే స్కౌట్లు కుర్రాడి ప్రతి విద్యకూ 20 నుంచి 80 దాకా మార్కులు వేస్తారు. 50 వస్తే మేజర్ లీగ్ సగటు ఆటగాడన్నమాట. ఫాస్ట్‌బాల్‌కి ఇన్ని, పక్కకి వంగే స్లైడర్‌కి ఇన్ని, బంతిని అనుకున్న చోట వేసే నేర్పుకి ఇన్ని. ఇప్పుడు రాడార్లు, హైస్పీడ్ కెమెరాలు వచ్చాయి కాబట్టి బంతి నిమిషానికి ఎన్ని చుట్లు తిరిగిందో, ఎన్ని అంగుళాలు పక్కకి జరిగిందో కూడా అంకెల్లో దొరుకుతుంది.

అంకెలు బాగున్నంత మాత్రాన కుర్రాడు రెడీ అయినట్టు కాదు. దీనికి లైటర్ కథే సాక్ష్యం. స్కాన్ గొడవలేమీ లేవు, ఫాస్ట్‌బాల్ అద్భుతం. కింది మెట్లు ఎక్కించకుండా 2022లో నేరుగా, మేజర్ లీగ్‌కి రెండు మెట్లు కింద ఉన్న డబుల్-ఏ స్థాయిలో ఫ్రిస్కో జట్టుకి పంపారు. అక్కడ ఈఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచర్ వల్ల పోయే పరుగుల సగటు) 5 దాటిపోయింది, బంతి స్ట్రైక్ జోన్‌లో (బ్యాటర్ ఆడదగ్గ హద్దులో) పడక వాక్‌లు (బ్యాటర్‌కి ఊరికే మొదటి బేస్) ఇచ్చుకుంటూ పోయాడు. కాలేజీలో పైకి వచ్చే ఫాస్ట్‌బాల్‌కి బ్యాట్ ఊపేసిన పిల్లలున్నారు. డబుల్-ఏలో అలాంటి బంతిని వదిలేసే మగాళ్లున్నారు. ఫాస్ట్‌బాల్, స్లైడర్ రెండే ఉంటే బ్యాటింగ్ వరుస మూడోసారి తిరిగి వచ్చేసరికి ప్రత్యర్థులకు అంతా అర్థమైపోతుంది. మూడో బంతి ఒకటి చేతిలో ఉండాలి, బ్యాటర్‌దే పైచేయిగా ఉన్నప్పుడు కూడా దాన్ని స్ట్రైక్‌గా వేసే ధైర్యం ఉండాలి. లైటర్‌కి ఇవన్నీ పట్టుబడి మేజర్ లీగ్‌లో అడుగుపెట్టేసరికి 2024 ఏప్రిల్ అయింది. (డాలస్ పక్కన ఫ్రిస్కోలో మన తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. వాళ్లలో ఎంతమంది ఆ స్టేడియంలో కూర్చుని ఈ తంటాలు చూశారో మరి.)

సిద్ధమా కాదా అన్నది ఇలా కొంత కాలం చూస్తే తేలుతుంది. చెయ్యి ఉంటుందా పోతుందా అన్నదే తేలదు.

క్రికెట్ చూసే మనకు ఒక సందేహం రావాలి. ఫాస్ట్ బౌలర్లకు ఎక్కువగా నడుము దగ్గర వెన్నెముకలో స్ట్రెస్ ఫ్రాక్చర్లు వస్తాయి. బేస్‌బాల్ పిచర్లకు మోచేయి పోతుంది. ఎందుకలా? బౌలర్ మోచేయి 15 డిగ్రీలకు మించి సాగకూడదని రూలు. అందుకే వేగమంతా పరుగు నుంచి, నడుము నుంచి రావాలి, ముందు కాలు నేలకు కొట్టుకున్న దెబ్బ వెన్ను మీద పడుతుంది. పిచర్‌కి పరుగూ లేదు, ఆ రూలూ లేదు. మోచేయి మడిచి, భుజాన్ని వెనక్కి తిప్పగలిగినంతా తిప్పి, ఒక్కసారిగా ముందుకు విసురుతాడు. ఆ క్షణంలో భుజం తిరిగే వేగం సెకనుకు 7,000 డిగ్రీల వరకూ ఉంటుంది. మనిషి శరీరంలో కొలిచిన అతి వేగమైన కదలికల్లో ఇదొకటి.

భుజం ముందుకు తిరగడం మొదలైనా ముంజేయి ఇంకా వెనకే ఉండిపోతుంది. దాంతో మోచేయి లోపలి వైపు విచ్చుకుపోవాలని చూస్తుంది. ఆ విచ్చుకోవడాన్ని ఆపేది యూసీఎల్ అనే చిన్న లిగమెంట్. మూడు సెంటీమీటర్లు కూడా ఉండదు. అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో ఉన్న అమెరికన్ స్పోర్ట్స్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 1995లో ఈ మెలిపెట్టే బలం సుమారు 64 న్యూటన్ మీటర్లని లెక్కగట్టారు. మోచేయి దగ్గర మడిచిన చేతిని అడ్డంగా పెట్టి, అరచేతికి 18 కిలోల బరువు కట్టి వేలాడదీస్తే సుమారు అంత మెలి పడుతుంది. చనిపోయినవాళ్ల చేతుల్లోంచి తీసిన లిగమెంట్‌ని ల్యాబ్‌లో లాగితే 32, 33 న్యూటన్ మీటర్ల దగ్గరే తెగిపోయింది.

మరి లెక్క ప్రకారం ప్రతి బంతికీ తెగాలి కదా? తెగదు, ఎందుకంటే ముంజేయి లోపలి వైపు కండరాలు అదే క్షణంలో బిగుసుకుని మిగతా సగం భారాన్ని పంచుకుంటాయి. వేలితో తడిమితే మోచేయి లోపలి గుబ్బ నుంచి మణికట్టు వైపు పోయే కండలు ఉన్నాయే, అవే. అలిసిపోయాక ఆ కండరాలు ఆలస్యంగా బిగుస్తాయి, తక్కువ బిగుస్తాయి. భారం లిగమెంట్ మీద పడుతుంది.

సర్జరీ దాకా వెళ్లిన 95 మంది కుర్ర పిచర్లని, ఏ గాయమూ లేని 45 మందితో పోల్చి 2006లో ఒక అధ్యయనం వచ్చింది. చెయ్యి అలిసిపోయినా తరచూ బంతులు వేసినవాళ్లలో సర్జరీ అవకాశం 36 రెట్లు ఎక్కువని తేలింది. ఏడాదిలో ఎనిమిది నెలలకు మించి ఆడినవాళ్లలో 5 రెట్లు. శాంపిల్ చిన్నది, కుర్రాళ్ల జ్ఞాపకాల మీద ఆధారపడ్డది కాబట్టి 36 అన్న అంకెను అక్షరాలా పట్టుకోనక్కర్లేదు. అయినా అలసట మొదటి ముద్దాయి అన్న మాట ఆ తర్వాత ఎవరూ కాదనలేదు.

రెండో ముద్దాయి వేగం. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. స్కౌట్ చేతిలో రాడార్ గన్ గంటకు 97 మైళ్లు చూపిస్తే మార్కులు పెరుగుతాయి, డ్రాఫ్ట్‌లో స్థానం పెరుగుతుంది, లిగమెంట్ మీద భారమూ పెరుగుతుంది. మేజర్ లీగ్‌లో సగటు ఫాస్ట్‌బాల్ వేగం 2008లో 91.3 మైళ్లు, 2024లో 94.2. అదే కాలంలో మోచేతి సర్జరీలు కూడా పెరిగాయి. మేజర్ లీగ్, దాని కింది మెట్లయిన మైనర్ లీగులు కలిపి 2010లో 104 జరిగితే 2024లో 281. 2024 డిసెంబరులో లీగ్ తానే ఒక రిపోర్టు వేసి, ప్రతి బంతినీ శక్తినంతా పెట్టి వేయడం, వేగం కోసం వెంపర్లాట ఇందుకు కారణమని ఒప్పుకుంది. ఒప్పుకున్నాక క్లబ్బులేమీ 91 మైళ్ల కుర్రాళ్ల కోసం వెతకడం మొదలుపెట్టలేదు.

ఇక స్కాన్ దగ్గరికి వద్దాం. ఏళ్ల తరబడి వేగంగా బంతులు వేసిన చేతికి ఎమ్మారై తీస్తే, నొప్పి అన్నదే లేని పిచర్లలో కూడా లిగమెంట్ మందమెక్కి, చిన్న చిన్న చీలికలతో కనిపించడం మామూలే. బావి చేదతాడు నూగు లేచినంత మాత్రాన రేపే తెగుతుందని చెప్పగలమా? అలాగే పదేళ్లు నీళ్లు తోడిన తాళ్లున్నాయి. స్కాన్ అరుగుదలని చూపిస్తుంది, తేదీ చెప్పదు.

1996లో ఆర్.ఏ. డికీ అనే పిచర్‌ని టెక్సాస్ రేంజర్స్ మొదటి రౌండ్‌లో తీసుకుని 8,10,000 డాలర్లు ఇస్తామంది. ఒక పత్రిక ముఖచిత్రం మీద అతని చెయ్యి వింతగా వేలాడుతుండటం క్లబ్బువాళ్ల కంట పడింది. పరీక్ష చేయిస్తే కుడి మోచేతిలో అసలు యూసీఎల్లే లేదు. బోనస్ 75,000 డాలర్లకు దిగిపోయింది. డికీ ఏళ్ల తరబడి మైనర్ లీగుల్లో తిరిగి, నకల్‌బాల్ అనే నిదానమైన బంతి నేర్చుకుని, 2012లో తన లీగ్‌లో అత్యుత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు గెలిచాడు. లేని లిగమెంట్ తెగదు కదా!

దీనికి సరిగ్గా ఎదురు కథ 2014ది. హ్యూస్టన్ ఆస్ట్రోస్ మొట్టమొదటి పిక్‌గా బ్రేడీ ఐకెన్ అనే హైస్కూల్ కుర్రాణ్ణి తీసుకుంది. 65 లక్షల డాలర్లకు మాట కుదిరాక, స్కాన్‌లో యూసీఎల్ మామూలుగా లేదని ఆఫర్ తగ్గించింది. బేరం చెడింది. క్లబ్బుది పిసినారితనమని ఆ రోజుల్లో అందరూ తిట్టారు. తొమ్మిది నెలలు తిరక్కుండా 2015 మార్చిలో ఐకెన్‌కి మోచేతి సర్జరీ అయింది. మేజర్ లీగ్‌లో ఒక్క బంతీ వేయలేదు. ఆస్ట్రోస్‌కి పరిహారంగా మరుసటి ఏడాది రెండో పిక్ దక్కితే దాంతో, తర్వాత స్టార్ అయిన అలెక్స్ బ్రెగ్‌మన్‌ని తెచ్చుకుంది.

రాకర్ ఈ రెండింటి మధ్యా ఉన్నాడు. మెట్స్ కాదన్నాక 2021 సెప్టెంబరులో భుజానికి చిన్న సర్జరీ చేయించుకున్నాడు. మరుసటి ఏడాది ట్రై-సిటీ వ్యాలీక్యాట్స్ అనే స్వతంత్ర లీగ్ జట్టుకి 20 ఇన్నింగ్స్ ఆడి 32 స్ట్రైకౌట్లు తీశాడు. రేంజర్స్ తీసుకుంది. 2023 మేలో మోచేతి లిగమెంట్ పోయింది. సర్జరీ, ఏడాదికి పైగా ఎదురుచూపు, 2024 సెప్టెంబరు 12న సియాటిల్‌లో మేజర్ లీగ్ ఆరంగేట్రం. నాలుగు ఇన్నింగ్స్, ఏడు స్ట్రైకౌట్లు. మోచెయ్యి పోయి వచ్చిన రాకర్ కంటే లైటర్ ఆ మెట్టు ఎక్కింది అయిదు నెలల ముందు మాత్రమే.

2023లో లిగమెంట్ తెగగానే మెట్స్ డాక్టర్లే కరెక్టు అన్నవాళ్లు చాలామంది. నేను ఒప్పుకోను. మేజర్ లీగ్ పిచర్లలో ఇప్పుడు సుమారు మూడోవంతు మందికి ఈ సర్జరీ అయి ఉంది. ఏ కుర్ర పిచర్‌ని చూపించి ‘వీడి మోచేయి పోతుంది’ అన్నా మూడింట ఒకసారి నిజమవుతుంది. జోస్యం గొప్పదనిపించాలంటే అంతకంటే మెరుగ్గా చెప్పాలి. ఈ గొడవ తర్వాత రూలు మాత్రం మారింది. డ్రాఫ్ట్‌కి ముందే వైద్య పరీక్షలకు ఒప్పుకున్న కుర్రాళ్లకు, క్లబ్బు తర్వాత ఏం చూసి భయపడినా, ఆ పిక్‌కి నిర్ణయించిన విలువలో కనీసం 75 శాతం ఆఫర్ ఇవ్వాల్సిందే. రాకర్ ముందస్తు పరీక్షకు వెళ్లలేదు, అందుకే మెట్స్ సున్నా ఇవ్వగలిగింది.

ఆ సర్జరీ పేరు టామీ జాన్. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ మొదటిసారి చేసింది ఆ పేరున్న పిచర్‌కే. తెగిన లిగమెంట్ స్థానంలో పెట్టడానికి ముంజేతిలోంచి పాల్మారిస్ లాంగస్ అనే టెండన్ తీశారు. మీకుందో లేదో ఇప్పుడే చూసుకోవచ్చు. బొటనవేలు, చిటికెనవేలు కొసలు ఆనించి మణికట్టుని కాస్త లోపలికి వంచండి. మణికట్టు మధ్యలో నరంలా పైకి లేచేది అదే. నూటికి పదిహేను మందికి అది ఉండదు, లేకపోయినా ఏ పనీ ఆగదు. టామీ జాన్ 1976లో తిరిగి వచ్చి 1989 దాకా ఆడి ఇంకో 164 మ్యాచులు గెలిచాడు. దాంతో ఆపరేషన్ చేయించుకుంటే చెయ్యి ముందుకన్నా గట్టిపడుతుందన్న అపోహ పుట్టింది. 2012లో వచ్చిన ఒక సర్వేలో హైస్కూల్ ఆటగాళ్లలో సగం మంది, గాయం లేకపోయినా ఆట మెరుగవడానికి ఈ సర్జరీ చేయించుకోవచ్చని అన్నారు! గట్టిపడేదేమైనా ఉంటే అది ఏడాది పాటు విశ్రాంతి, కసరత్తు వల్ల. కొత్త టెండన్ వల్ల కాదు.

పిల్లల్లో ఇంకో సంగతి ఉంది. పద్నాలుగు, పదిహేనేళ్ల దాకా మోచేతి లోపలి గుబ్బ ఇంకా ఎముకకు పూర్తిగా అతుక్కుని ఉండదు, మధ్యలో మెత్తటి గ్రోత్ ప్లేట్ ఉంటుంది. లిగమెంట్ కంటే అదే బలహీనం. పెద్దవాళ్లకు తెగే చోట పిల్లలకు ఊడుతుంది. పదేళ్ల పాటు 481 మంది చిన్నారి పిచర్లను గమనించిన అధ్యయనంలో, ఏడాదికి 100 ఇన్నింగ్స్ దాటి వేసినవాళ్లకు తీవ్ర గాయాల అవకాశం 3.5 రెట్లు ఎక్కువని తేలింది. పిల్లల బేస్‌బాల్ నడిపే లిటిల్ లీగ్ 2007 నుంచి బంతుల లెక్క పెట్టింది. 11, 12 ఏళ్ల పిల్లలు రోజుకు 85 బంతులు దాటకూడదు, 66 లేదా అంతకు మించి వేస్తే నాలుగు రోజులు విశ్రాంతి.

రూలు మంచిదే. కానీ ఆ లీగ్ లెక్క ఆ లీగ్ మ్యాచులకే. శనివారం లిటిల్ లీగ్‌లో 60 బంతులు వేసిన పిల్లాడు ఆదివారం ఊళ్లు తిరిగి ఆడే ట్రావెల్ టీమ్‌కి ఇంకో 60 వేస్తే ఏ స్కోర్‌బుక్‌లోనూ 120 అని కనిపించదు. మీ అబ్బాయి ఆడుతుంటే రెండు టీముల కోచ్‌లనీ అంకెలు అడిగి మీ ఫోన్లోనే రాసుకోండి. సాయంత్రం ఇంటికొచ్చాక మోచేయి లోపలి గుబ్బ మీద వేలితో మెల్లగా నొక్కి చూడండి. ‘అబ్బా’ అంటే మర్నాటి మ్యాచ్ మానిపించి డాక్టర్‌కి చూపించండి.