బందరా, మచిలీపట్నమా? ఊరి పేరు మీద అపోహలు - వాస్తవాలు

నేను ఊరిపేర్ల మీద పనిచేస్తానని తెలియగానే ఎవరైనా ముందు అడిగేది, "మా ఊరి పేరుకు అర్థం ఏంటండీ?" అని. నేను నోరు తెరిచేలోపు అర్థం కూడా వాళ్లే చెప్పేస్తారు. బందరు, అదే మచిలీపట్నం, వాళ్లకైతే ఈ విషయంలో మరీ ధీమా.

అపోహ: మచ్లీ అంటే చేప, కాబట్టి మచిలీపట్నం అంటే చేపల పట్నం.

దీనికి తోడు, పూర్వం ఒక తిమింగలం ఒడ్డుకు కొట్టుకొచ్చిందనే కథ కూడా ఉంది. కథ బాగుంది, కాలమే కుదరదు. క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు నావికుల పుస్తకంలో ఈ తీరం పేరు మసాలియా. అక్కడ సన్నబట్టలు నేస్తారని కూడా రాశారు. 2వ శతాబ్దంలో టాలెమీ ఈ ప్రాంతాన్ని మైసోలియా అన్నాడు, ఇక్కడి నదిని మైసోలస్ అన్నాడు. ఆ నది కృష్ణే అని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. ‘మచ్లీ’ అనే హిందుస్తానీ మాట పుట్టడానికి ఎన్నో శతాబ్దాల ముందు సంగతి ఇది.

"గ్రీకులో చ లేదు కదా, చేపను చెప్పే మన మచ్చమే వాళ్ల నోట మస అయ్యిందేమో?" అని ఒకాయన నన్ను నిలదీశారు. మంచి ప్రశ్నే. కానీ అది ముందు ఒక సీమకూ ఒక నదికీ ఉన్న పేరు. చేపల వల్ల ఒక రేవుకు పేరొచ్చిందంటే నమ్మొచ్చు గానీ, సీమ మొత్తానికీ, నదికీ అదే పేరు ఎందుకు పడుతుంది? నా లెక్కలో మసాలియాలో వినిపించే మసులీ అనే పాత మాటకు అర్థం జనం మరిచిపోయారు. హిందుస్తానీ వచ్చాక తెలిసిన మాటలోకి దాన్ని లాగి మచిలీ చేశారు. ఊరిపేర్లలో ఇది రోజూ కనిపించేదే.

అపోహ: బందరు అంటే కోతి.

ఇది హిందీ వచ్చిన స్నేహితుల వెక్కిరింత. హిందీలో కోతిని బందర్ అనే మాట సంస్కృత ‘వానర’ నుంచి వచ్చింది. మన బందరు పారసీ మాట, అంటే రేవు. ఇరాన్‌లో బందర్ అబ్బాస్, గుజరాత్‌లో పోర్‌బందర్ అలా వచ్చినవే. రేవు అధికారిని షాబందర్ అనేవాళ్లు. గోల్కొండ నవాబుల కాలంలో పారసీక వర్తకులు ఈ రేవుకు బాగా వచ్చేవాళ్లు, ఆ మాట ఇక్కడే ఉండిపోయింది. ఇప్పుడు మనం బందరు పోర్టు అంటున్నాం, అంటే రేవు రేవు అన్నట్టు!

అపోహ: మచిలీపట్నమే అసలు పేరు, బందరు ఉత్త వాడుక పేరు.

రెండూ అసలు పేర్లే. పాత తెలుగులో రెండూ కలిపి మచిలీబందరు అని కూడా రాసేవాళ్లు. ఏది ఎక్కడ వాడాలో జనానికి ఎవరూ నేర్పక్కర్లేదు. రైలు టికెట్టు మీద మచిలీపట్నం ఉంటుంది, బస్సెక్కితే మాత్రం "బందరు ఒకటివ్వండి" అంటాం. విజయవాడలో పేరుకు మహాత్మాగాంధీ రోడ్డే అయినా ఆటోవాలాకు అది బందరు రోడ్డే. అక్కడి కాలువ బందరు కాలువ. తమాషా ఏమిటంటే, భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు లడ్డూ బందరు లడ్డూగానే నమోదైంది, కలంకారీ మాత్రం మచిలీపట్నం కలంకారీ అయ్యింది. తినేదానికి ఇంటిపేరు, అమ్మేదానికి ఆఫీసు పేరు పెట్టినట్టుంది.

అపోహ: మస్లిన్ అనే సన్నబట్టకు పేరు మసులీపట్నం, అంటే మన మచిలీపట్నం నుంచే వచ్చింది.

ఇరాక్‌లోని మోసుల్ నుంచి వచ్చిందనేదే ఎక్కువగా ఒప్పుకున్న మాట. ఇక్కడ సన్నబట్ట నేశారన్నది నిజం, పేరు కలవడం వేరు సంగతి.

అపోహ: పట్నం అని ఉంటే రేవే.

విశాఖపట్నం, కళింగపట్నం, నిజాంపట్నం చూసి అలా అనిపిస్తుంది. మరి శ్రీరంగపట్నానికి, ఇబ్రహీంపట్నానికి సముద్రం ఎక్కడుంది? తమిళంలో తీరపు ఊరికి పట్టినం, మామూలు ఊరికి పట్టణం అని తేడా చూపిస్తారు, మన తెలుగులో రెండూ ఒకటైపోయాయి. పట్నం కనబడగానే రేవు వెతకొద్దని నా దగ్గరకొచ్చే పిల్లలకు చెబుతుంటాను.

ఊరి పేరు మీద ఇంత వాదించేవాళ్లు పేటల పేర్లను పట్టించుకోరు, నాకు అదే బాధ. డచ్చివాళ్లు, ఆంగ్లేయులు, ఫ్రెంచివాళ్లు అందరూ 17వ శతాబ్దంలో ఇక్కడ వర్తకశాలలు పెట్టారు. ఆంగ్లేయులు వచ్చింది 1611లో. బందర్లో వలందపాలెం ఉంది, వలంద అంటే హాలండ్. ఇంగ్లీషుపాలెం సరేసరి. పరాసుపేటలో పరాసు అంటే ఫరాసు, అంటే ఫ్రెంచివాళ్లు. వాళ్ల చేతిలో ఇక్కడ మిగిలిన చిన్న స్థలం 1947లో గానీ మనకు రాలేదు. ఈసారి పరాసుపేట మీదుగా వెళ్తే అక్కడి షాపుల బోర్డులు చదవండి. అడ్రసులో ప్రతి బోర్డు మీదా ఫ్రాన్స్ ఉంటుంది.